స్కార్‌బెక్‌లో ఎవరూ ఎర్ర తాడు లాగని వారం

స్కార్‌బెక్ ఊళ్ళో ఒకసారి జనవరిలో, ఆరు రోజుల పాటు ముసలివాళ్ళెవరికీ ఏ ఆపదా రాలేదు. ఒక్కరు జారిపడలేదు. ఒక్కరికి ఆయాసం రాలేదు. గుండె పట్టుకుని కూలబడినవాడు లేడు, మంచం దిగలేక కేకేసినవాడు లేడు. చావు కూడా ఆ చలికి జడిసి సెలవు చీటీ రాసిపెట్టి, ఎక్కడో వెచ్చగా ముసుగుతన్ని పడుకుంది.

సరే, చావు సెలవు పెట్టిందన్న మాట కొంచెం ఎక్కువైంది. దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మిగతాది మాత్రం కౌన్సిల్ కాగితం మీద అచ్చయి ఉంది, పక్కన పచ్చ చుక్కతో సహా. ఆ కాగితం చూసి తొమ్మిదిమంది పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఆ గదిలో కొట్టనిది ఒక్కతే మనిషి. చేతిలో పెన్ను ఉంది కాబట్టి కొట్టలేదని అందరూ అనుకున్నారు.

ఆ మనిషి పేరు థెల్మా ఓల్డ్‌రాయిడ్. సేవల మెరుగుదల కమిటీకి గుమాస్తా. బస్సు డ్రైవరు భార్యగా ఇరవై ఏళ్ళు, అతను పోయాక ఒంటరిగా పన్నెండేళ్ళు ఈ ఊళ్ళోనే గడిపింది. ఆ రెండు కాలాల్లోనూ గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు. టౌన్ హాలు మేడ మీద గదిలో, చెయిర్మన్ ఎడమ పక్కన, బూడిదరంగు స్వెటరు మోచేతుల దాకా లాక్కుని, ఎవరేమన్నారో మినిట్స్ రాస్తూ ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె రాసిన మినిట్స్ కట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే టౌన్ హాలు గడియారాన్ని అందుకుంటాయి. గడియారం దాకా కాకపోయినా మెట్ల మలుపు దాకా ఖాయం.

గుమాస్తా మాట్లాడకూడదు. అది అక్కడి రివాజు. ఎక్కడా రాసిలేదు గానీ రాసిన నిబంధనలన్నిటికంటే గట్టిది. పద్ధతి గురించి ఏదైనా సందేహం వస్తే చెయిర్మన్ చెవిలో గొణగవచ్చు, అంతే. ఎవరు దగ్గితే ఎవరు మాట్లాడబోతున్నారో థెల్మాకి తెలుసు. ఎవరి వాక్యం ఎక్కడ తెగిపోతుందో తెలుసు. తెగిన వాక్యాన్ని ఆమె కాగితం మీద అతికేది. "రోడ్ల మీద పెంట వేయించే ఆ కుక్కల వాళ్ళని టౌన్ హాలు ముందు ఉరి తీయాలి" అని మిసెస్ క్రాబ్‌ట్రీ బల్ల గుద్దితే "సభ్యురాలు ఆందోళన వ్యక్తం చేశారు" అని రాసేది. కిందటి నెల తామేం మాట్లాడారో సభ్యులకి గుర్తుండేది కాదు. మినిట్స్ చదువుకుని, ఇంత తెలివిగా మాట్లాడామా అని లోపల్లోపల మురిసిపోయి చేతులెత్తేవాళ్ళు.

అతకడమే గానీ కల్పించడం లేదు. ఆ విషయంలో థెల్మా నిప్పు. చిన్నప్పుడు ఆమె చదివింది కొండ కింద కాన్వెంటులో. అక్కడ సిస్టర్ కొలంబా అని ఒకావిడ ఉండేది, ఇంత పొడుగు మనిషి, అంత పొడుగు స్కేలు. డిక్టేషన్‌లో చెప్పని మాట ఒకటి చేరిస్తే వేళ్ళ మీద పడేది దెబ్బ. "విన్నదే రాయి పిల్లా. నోటితో ఆడిన అబద్ధం ఆ పూటతో పోతుంది. కాగితం మీది అబద్ధం నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా అబద్ధమాడుతూనే ఉంటుంది" అనేది. ఆ దెబ్బల మంట ఆరిపోయి యాభై ఏళ్ళయింది. మాట మాత్రం వేళ్ళలోనే ఉండిపోయింది.

ఇక ఆ కమిటీ చూసుకునే పని సంగతి. కౌన్సిల్ చేసే సేవలన్నిటినీ మెరుగుపరచడానికి ఇరవై రెండు ప్రాజెక్టులు నడుస్తుండేవి. చెత్తబండ్ల దగ్గర్నుంచి శ్మశానం గేటు దాకా. ఒక్కోదాని పక్కన ఒక చుక్క. పని సవ్యంగా ఉంటే పచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, చెడిపోతే ఎరుపు. ఎర్ర చుక్క పడిందంటే ఆ ప్రాజెక్టు ఆఫీసరు గురువారం నాడు కమిటీ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. చెయిర్మన్ గ్రెవిల్ ఆంబ్లర్ కనుబొమలు రెండు గొంగళిపురుగుల్లా ఉండేవి. ఆ రెండూ కలిసి పైకి లేచాయంటే ఎంతటివాడికైనా మాట తడబడేది. అందుకని ప్రాజెక్టులో కింది ఉద్యోగి ఎరుపు పెడితే వాడి పైవాడు దాన్ని పసుపు చేసేవాడు, ఆ పైవాడు పచ్చ చేసేవాడు. ఎవరూ అబద్ధమాడేవాళ్ళు కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క మెట్టు మర్యాద కలిపేవాళ్ళు, అంతే. నాలుగేళ్ళుగా కమిటీ ముందుకి ఒక్క ఎర్ర చుక్క రాలేదు. ఆఫీసు ప్రింటర్లో ఎర్ర రంగు ఎండి గడ్డకట్టుకుపోయినా ఎవరికీ తెలియలేదని చెప్పుకుంటారు.

పద్నాలుగో ప్రాజెక్టు క్రోహిల్‌ది.

ఊరికి రెండు మైళ్ళ పైన, గాలి తప్ప మరేదీ తీరిగ్గా తిరగని ఆ కొండ మీద, కౌన్సిల్ వాళ్ళు వృద్ధుల కోసం కట్టిన నలభై నాలుగు చిన్న ఇళ్ళున్నాయి. ప్రతి ఇంటి బాత్‌రూములోనూ రెండు తాళ్ళు వేలాడుతుంటాయి. దీపం వేసుకోవడానికి తెల్లది, ఆపదకి ఎర్రది. పడిపోయినవాళ్ళకి అందేలా ఎర్రది నేల దాకా ఉంటుంది. కళ్ళద్దాలు లేకుండా తెల్లారగట్ల లేచి, దీపం కోసం తడుముకుని ఎర్ర తాడు లాగడం క్రోహిల్‌లో రోజూ జరిగేదే. ఒకరు కాదు, ఇంటింటా. వెంటనే గోడ మీది పెట్టెలోంచి, అక్కడే ఉండి వాళ్ళని కనిపెట్టుకునే వార్డెన్ గొంతు, "ఎవరక్కడ? ఏమైంది?" అనేది. "ఏం కాలేదమ్మా, దీపం అనుకున్నా" అని జవాబు. "మళ్ళీ నువ్వేనా ఐడా?" "మళ్ళీ నేనే. నిన్ను పలకరించి చాలాసేపయిందని."

ఐడా అంటే థెల్మా పిన్ని. ఎనభై ఎనిమిదేళ్ళు. తల్లి పోయాక థెల్మాని పెంచింది ఆవిడే. పదిహేడో నంబరు ఇల్లు. ఎర్ర తాడు పొరపాటున లాగే విషయంలో కొండ మీద ఆవిడని మించినవాళ్ళు లేరు. రోజుకి రెండుసార్లు తప్పనిసరి.

ప్రాజెక్టు ఏమిటంటే, ఆ వార్డెన్‌ని తీసేశారు. పొద్దున్నే కర్ర పుచ్చుకుని నలభై నాలుగు తలుపులూ తట్టే మనిషికి బదులు ప్రతి ఇంట్లో ఒక కొత్త పెట్టె పెట్టారు. తాడు లాగితే టెలిఫోను తీగ గుండా ఎక్కడో నూట యాభై మైళ్ళ అవతలి ఊళ్ళో కూర్చున్న మనిషికి వినపడుతుంది. ఇంట్లో ఫోను కూడా ఆ పెట్టెలోంచే. మొబైల్ సిగ్నల్ ఆ కొండ ఏనాడూ ఎక్కలేదు.

ఆ జనవరిలో శుక్రవారం మంచు మొదలైంది. శనివారానికి కొండ దారి మూసుకుపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి థెల్మా ఎప్పటిలాగే పిన్నికి ఫోను చేసింది. ఇరవై రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. 'చెవిలో మిషను తీసి సాసర్లో పెట్టుంటుంది' అనుకుంది. అది కూడా మామూలే. సోమవారం మళ్ళీ చేసింది. మోగింది. మంగళవారం మోగింది. ఫోను మోగుతోంది కాబట్టి అవతల అంతా బాగానే ఉందనుకోవడం మనిషి బలహీనత.

గురువారం రెండు గంటలకి కమిటీ కూర్చుంది. పద్నాలుగో అంశం రాగానే గావిన్ లేచాడు. ఆ ప్రాజెక్టు ఆఫీసరు అతనే. సన్నటి మనిషి, సన్నటి టై.

"చెయిర్మన్ గారూ, ఈ వారం ఒక మంచి వార్త. క్రోహిల్ నుంచి వచ్చే కాల్స్ మామూలుగా వారానికి రెండు వందల పది. అందులో రెండు వందలు పొరపాటున లాగినవే. పోయిన శనివారం నుంచి ఈ పూట వరకు వచ్చిన కాల్స్," అని కొంచెం ఆగాడు. రుచి చూస్తున్నవాడిలా ఆగాడు. "సున్నా."

ఆంబ్లర్ కనుబొమలు లేచాయి. ఈసారి సంతోషంతో. "సున్నానా? ఒక్కటి కూడా లేదూ?"

"ఒక్కటి కూడా లేదు. నవంబర్లో రంగుల కరపత్రం పంచాం కదండీ, 'సరైన తాడునే లాగండి' అని. జనం నేర్చుకున్నారు."

"ఎనభై దాటినవాళ్ళకి ఒక్క కరపత్రంతో నేర్పావా! మా ఆవిడకి దీపం ఆర్పడం నలభై ఏళ్ళుగా నేర్పలేకపోయానయ్యా నేను."

అందరూ నవ్వారు. "అలాంటిదే కుక్కల వాళ్ళకి కూడా ఒకటి అచ్చేయించండి" అంది మిసెస్ క్రాబ్‌ట్రీ. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తొమ్మిదిమందీ కొట్టారు.

థెల్మా 'సున్నా' అని రాసింది. రాశాక పెన్ను కదల్లేదు.

ఆ కరపత్రం ఐడా పిన్ని ఇంట్లో ఎక్కడుందో ఆమెకి తెలుసు. చిలక పంజరం అడుగున ఉంది. పిన్ని దాన్ని చదవను కూడా లేదు. చదివినా సరే, ఆ మనిషి ఆరు రోజులు వరసగా తెల్ల తాడే లాగిందంటే నమ్మడం కష్టం. నలభై నాలుగు ఇళ్ళలో ఎవరూ, ఒక్కసారి కూడా, చీకట్లో తప్పు తాడు లాగలేదంటే? వాళ్ళు నేర్చుకోలేదు. వాళ్ళు లాగుతున్నారు. లాగినది ఎక్కడికీ పోవడం లేదు.

ఆ తర్వాత ఆమెకి ఇరవై రెండుసార్లు మోగిన ఫోను గుర్తొచ్చింది. మోగింది తన చెవిలోనే, అవతల తీగ తెగినా ఇవతల అలాగే మోగుతుంది.

వంగి ఆంబ్లర్ చెవిలో గొణిగింది. "చెయిర్మన్ గారూ, ఆ సున్నా..."

"తర్వాత థెల్మా, తర్వాత" అన్నాడాయన నవ్వుతూనే.

చిన్న కాగితం మీద రాసి ఆయన ముందుకి తోసింది. 'తీగ తెగి ఉండొచ్చు. ఎవరినైనా పైకి పంపాలి.' ఆయన చూడకుండానే దానిమీద టీ కప్పు పెట్టాడు. కప్పు చుట్టూ అక్షరాలు తడిసి ఊదారంగు తిరిగాయి. "పద్నాలుగో అంశాన్ని కమిటీ గమనించింది" అన్నాడు. గమనించింది అంటే ఆ గదిలో అర్థం, ఇక దాని జోలికి ఎవరూ పోరని.

మూడు గంటలకి టీ విరామం. థెల్మా కింద గదిలోకి వెళ్ళి ముందు పిన్నికి చేసింది. మోగింది, మోగింది, మోగింది. తర్వాత ఆ నూట యాభై మైళ్ళ అవతలి ఊరికి చేసింది. ఎవరో కుర్రగొంతు, మర్యాదస్తుడు.

"మా బోర్డు మీద క్రోహిల్ నలభై నాలుగూ పచ్చగానే ఉన్నాయి మేడమ్."

"ఎవరైనా తాడు లాగితే?"

"ఎర్రగా మారుతుంది మేడమ్."

"తీగే తెగిపోతే?"

"అప్పుడు సంకేతం రాదు కదండీ. పచ్చగానే ఉంటుంది."

"అంటే వాళ్ళు క్షేమంగా ఉన్నా పచ్చే, చచ్చిపోయినా పచ్చేనా?"

"ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు మేడమ్."

"దేనితో చేస్తారు నాయనా?" అని ఫోను పెట్టేసింది.

అంబులెన్సు వాళ్ళు, ఎవరు పడ్డారు, ఏ ఇంట్లో, ఎవరు చూశారు అని అడిగారు. ఎవరూ చూడలేదంది. చూసినవాళ్ళున్న కేసులే ముప్ఫై ఉన్నాయమ్మా, ఆ దారి తెరిస్తే గానీ మా బండి ఎక్కదు అన్నారు. దారి తెరవాలంటే కౌన్సిల్ ఉప్పు లారీలు పోవాలి, మంచు తోసి ఉప్పు చల్లేవి. డిపోలో లారీల మేస్త్రీ క్లెమ్ బాటమ్లీ. థెల్మా మొగుడి పాత స్నేహితుడు.

"క్లెమ్, లారీలు క్రోహిల్ పంపాలి. ఇప్పుడే."

"మెయిన్ రోడ్డు వదిలేసా? పిచ్చెక్కిందా నీకు? కిందటేడు కాగితం లేకుండా చర్చి వాకిట్లో మంచు తోశానని నాకు మెమో ఇచ్చారు. ఇంకోటి పడితే పెన్షను హుష్. కమిటీ తీర్మానం చేసిందా?"

థెల్మా రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"చేస్తే పసుపు చీటీ పంపు తల్లీ. పది నిమిషాల్లో చక్రం తిరుగుతుంది. చీటీ లేకపోతే మాత్రం నా వల్ల కాదు. పైన నాకు మాత్రం మనుషులు లేరనుకున్నావా? మా అన్న ఉన్నాడు."

పసుపు చీటీ అంటే తక్షణం అమలు కావాల్సిన తీర్మానం. చెయిర్మన్ సంతకం ఉండాలి. ఇక్కడ స్కార్‌బెక్ పద్ధతి ఒకటి చెప్పాలి. ఆంబ్లర్‌కి మణికట్టు నొప్పి. అందుకని ప్రతి జనవరి మొదటి వారంలో ఒక్కసారే కూర్చుని యాభై ఖాళీ పసుపు చీటీల మీద సంతకాలు పెట్టి థెల్మాకి ఇచ్చేసేవాడు. ఏడాదంతా కమిటీ ఏ తీర్మానం చేస్తే అది ఆమె పైన నింపుకునేది. పద్దెనిమిదేళ్ళుగా అదే వరస. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కదా అని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఆ చెయ్యి థెల్మాది.

ఆమె మెట్లెక్కి గదిలోకొచ్చి కూర్చుంది. పదిహేనో అంశం మొదలైంది. లైబ్రరీ వేళలు. సొరుగు తెరిచింది. పైన ఒక పసుపు చీటీ, కింద ఆంబ్లర్ సంతకం. చీటీ బయటికి తీసి కుడిచేతి వేళ్ళ వంక చూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ అనని మాట ఆ పుస్తకంలో ఒక్కటి లేదు. ఒక్కటి రాస్తే, పాత కట్టలన్నిటి మీదా ఆ మరక పడ్డట్టే. ఉద్యోగం పోతుంది, పెన్షను పోతుంది, జైలుకి పంపినా పంపుతారు. రాయకపోతే? పిన్ని ఎత్తని ఫోను రేపు కూడా మోగుతుంది. ఎల్లుండి కూడా.

రాసింది. అందమైన గుండ్రటి దస్తూరీతో రాసింది. 'క్రోహిల్ నుంచి కాల్స్ రాకపోవడంపై చెయిర్మన్ ఆందోళన వ్యక్తం చేశారు. ఉప్పు లారీలు తక్షణం క్రోహిల్ వెళ్ళి దారి తెరవాలని, నలభై నాలుగు ఇళ్ళ తలుపులూ తట్టి, తెరవనివి పగలగొట్టాలని చెయిర్మన్ ప్రతిపాదించగా, మిసెస్ క్రాబ్‌ట్రీ బలపరచగా, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' అదే చీటీ మీద కూడా నింపింది. టీ కప్పులు ఏరుకుంటున్న బంట్రోతు ట్రేలో పెట్టి, "డిపోకి, పరిగెత్తు" అని పెదవులతో చెప్పింది.

తర్వాత లైబ్రరీ వేళల గురించి రాసుకుంటూ కూర్చుంది. లేచిపోవడానికి లేదు. గుమాస్తా లేకుండా సమావేశం చెల్లదు. సమావేశం చెల్లకపోతే ఆ తీర్మానమూ చెల్లదు.

కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. పదహారో అంశం మధ్యలో నారింజరంగు దీపాలు మూడు, ఊరి చివర మలుపు దగ్గర తేలాయి. నత్తల్లా ఎక్కడం మొదలుపెట్టాయి. థెల్మా ఒక కంటితో కాగితం, ఒక కంటితో కొండ. పదిహేడో అంశం కుక్కల పెంట. మిసెస్ క్రాబ్‌ట్రీకి ఊపొచ్చింది. దీపాలు సగం ఎక్కాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అవి మన లారీలేనా?" అన్నాడు ఎవరో.

ఆంబ్లర్ కుర్చీలో వెనక్కి తిరిగి చూశాడు. "మెయిన్ రోడ్డు గాలికొదిలేసి పైన ఏం పనట వీళ్ళకి? ఎవరు పొమ్మన్నారు? థెల్మా, రాసుకో. ఆ బాటమ్లీని వచ్చే గురువారం ఇక్కడ నిలబెట్టాలి."

థెల్మా రాసుకుంది.

దీపాలు కొండ మీద ఇళ్ళ దగ్గర ఆగిపోయాయి. ఈసారి కదల్లేదు. వెలుగు తగ్గుతోంది. మంచు నీలంగా మారుతోంది. మిసెస్ క్రాబ్‌ట్రీ గొంతు తప్ప గదిలో చప్పుడు లేదు. అప్పుడు టౌన్ హాలు కింద నుంచి ఒక నీలిదీపం బండి, సైరను లేకుండా, పైకి పోయింది. కాసేపటికి ఇంకొకటి. మిసెస్ క్రాబ్‌ట్రీ ఒక మాట మధ్యలో ఆగిపోయింది. ఆ వాక్యాన్ని థెల్మా అతకలేదు. ఈనాటికీ మినిట్స్‌లో అది తెగే ఉంది.

నాలుగున్నరకి తలుపు తోసుకుని బాటమ్లీ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. మోకాళ్ళ దాకా మంచు. తలుపు తట్టలేదు, మన్నించమని అడగలేదు.

"నలభై నాలుగూ తట్టాం" అన్నాడు. "నలభై ఒక్క తలుపు తెరిచారు, మా అన్నతో సహా. తెరిచి తిట్టారు. శనివారం నుంచి ఫోన్లు లేవట, తాళ్ళు లాగి లాగి చేతులు పడిపోయాయట, కౌన్సిల్ బతికే ఉందా అని అడిగారు. ఒక ఇల్లు ఖాళీ, వాళ్ళు మంచుకి ముందే కూతురి దగ్గరికి పోయారట. మిగతా రెండూ పగలగొట్టాం, లారీ రేడియోలో అంబులెన్సుని పిలిచాం."

గావిన్ తన ముందున్న కాగితాన్ని బోర్లించాడు.

"ముప్ఫై ఒకటో నంబరులో విల్‌ఫ్రెడ్ షా. పోయాడు. ఆదివారమో సోమవారమో పోయుంటాడన్నారు. తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది." బాటమ్లీ టోపీ వంక చూసుకున్నాడు. "పదిహేడులో ఐడా. బాత్‌రూము నేల మీద. తుంటి విరిగింది. రెండు రోజులుగా తువ్వాళ్ళన్నీ కప్పుకుని, కుళాయి నీళ్ళు సబ్బుపెట్టెలో పట్టుకుని తాగుతూ ఉంది. బతికుంది. తాడు లాగీ లాగీ పైకప్పు పెచ్చుతో సహా ఊడబెరికి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను చూసి, 'దీపం కోసం కాదు నాయనా ఈసారి' అంది."

థెల్మా పెన్ను కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

ఆంబ్లర్ ముఖం తెల్లకాగితమైపోయింది. "నిన్నెవరు పంపారు?" అన్నాడు మెల్లగా.

"మీరే." బాటమ్లీ జేబులోంచి పసుపు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "మీ సంతకమేగా."

ఆంబ్లర్ చీటీని చూశాడు. థెల్మాని చూశాడు. రేడియేటర్లో నీళ్ళు కొట్టుకునే చప్పుడు వినపడింది.

"థెల్మా, చదువు" అన్నాడు ఆంబ్లర్.

చదివింది. చెయిర్మన్ ప్రతిపాదించగా. మిసెస్ క్రాబ్‌ట్రీ బలపరచగా. ఏకగ్రీవంగా.

తొమ్మిదిమందిలో ఒక్కడు "మేమలా అనలేదే" అని ఉంటే అంతటితో అయిపోయేది. కానీ అలా అన్నవాడు ఆ వెంటనే ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. షా తాడు మణికట్టుకి చుట్టుకుని పోయాడని తెలియకుండా, ఆ సున్నాకి తాము చప్పట్లు కొట్టామని. ఆంబ్లర్ కళ్ళు ఒక్కొక్కరి మీదుగా తిరిగాయి. అందరూ తమ తమ కాగితాల్లోకి చూసుకుంటున్నారు.

"అవును" అన్నాడు చివరికి. "నేనన్నదదే."

"నేను బలపరిచాను" అంది మిసెస్ క్రాబ్‌ట్రీ. అంటూ ఉండగానే ఆమెకి నిజంగా బలపరిచినట్టు గుర్తొచ్చింది. ఆ సంగతి ఆమె ముఖంలో కనిపించింది. థెల్మాకి ఆ పూట అన్నిటికంటే భయం వేసింది అప్పుడే.

విల్‌ఫ్రెడ్ షా చావు మీద విచారణ జరిగింది. విచారణాధికారి మినిట్స్ ప్రతి అడిగి తెప్పించుకున్నాడు. ఇది జరిగింది జరిగినట్టు రాసిన రాతేనా అని థెల్మాని నిలబెట్టి అడిగాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి అవునంది. ఆ రాత్రి ఆసుపత్రిలో పిన్ని మంచం పక్కన కూర్చుని, "అబద్ధపు ఒట్టు వేశాను పిన్నీ" అంది.

"నాకెందుకు చెబుతావే? దేవుడికి చెప్పుకో" అంది ఐడా. "నువ్వు రాసే వేళకి నేను నేల మీదున్నాను. నాకేం తెలుసు?" దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "సిస్టర్ కొలంబా పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"పాతికేళ్ళు."

"అయితే పడుకో."

పద్నాలుగో ప్రాజెక్టుకి ఆ నెల పసుపు చుక్క పెట్టారు. మర్నెల పచ్చ. విల్‌ఫ్రెడ్ షా లాగిన తాడు ఎవరికీ వినపడని ఆ ఆరు రోజులు నివేదికలో 'తాత్కాలిక అంతరాయం' అయ్యాయి. తీగలు బాగుచేశారు, పెట్టెలు అవే ఉన్నాయి. ఇప్పుడు వాటిని కింద మిల్లు వీధి వృద్ధుల ఇళ్ళకి కూడా పెడుతున్నారు, అరవై ఇళ్ళు. ముందుచూపు చూపించినందుకు ఆంబ్లర్‌కి జిల్లా వాళ్ళు శాలువా లాంటిదేదో కప్పారు. శాలువా కాదు, ఒక అద్దం పలక ఇచ్చారు. అది టౌన్ హాలు మెట్ల మీద ఉంది.

ప్రతి గురువారం పద్నాలుగో అంశం రాగానే థెల్మా అంకె కోసం చూస్తుంది. రెండు వందల నాలుగు. నూట తొంభై ఎనిమిది. పొరపాట్లు ఎన్ని ఎక్కువుంటే ఆమెకి ఆ వారం అంత నిద్ర. కిందటి వారం నూట పదకొండు. ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు. కమిటీ గమనించింది.

వసంతంలో ఆమె రిటైరవుతోంది. ఆమె బదులు మనిషిని పెట్టడం లేదు. ఇరవై మూడో ప్రాజెక్టు అదే. బల్ల మధ్యలో ఒక చిన్న నల్లటి యంత్రం పెడతారట. గదిలో ఎవరేమన్నారో, ఒక్క అక్షరం పోకుండా, ఒక్క అక్షరం చేరకుండా అదే రాసుకుంటుందట. దాని పక్కన ఇప్పటికే పచ్చ చుక్క ఉంది.

ఈ కథంతా థెల్మాకి చదివి వినిపిస్తే, ఆమె అల్లుతున్న స్వెటరు మీంచి తల ఎత్తలేదు.

"అలాంటిదేమీ జరగలేదు" అంది. "చెయిర్మన్ ప్రతిపాదించారు, మిసెస్ క్రాబ్‌ట్రీ బలపరిచారు, అందరూ చేతులెత్తారు. నేను విన్నది రాశాను. నా పుస్తకంలో ఎవరూ అనని మాట ఒక్కటి లేదు. కావాలంటే వాళ్ళనే అడగండి."